చారుమతి నలభై ఎనిమిది సెకన్లు

మీరు మమ్మల్ని చంపేశారు. ఒకరినీ ఇద్దరినీ కాదు, రెండువందల పన్నెండు మందిని. సినిమా చూస్తూ కూర్చున్నవాళ్ళని కూర్చున్నట్టే చంపి, పేర్లు కొట్టేసి, గాలి కట్టేసి, ఆపైన సంతాపం కూడా తెలిపారు. ఆ రెండువందల పన్నెండులో నేనొకదాన్ని. నా పేరు బొడ్డు నూకరత్నం. వయసు ఇరవై మూడు. చంద్రుడి మీద చలిగొయ్యి మంచుగని ఊళ్ళో, పుడమి టాకీసులో ఫిల్టరు పని చేస్తాను. ఇప్పటికీ చేస్తున్నాను, చచ్చిపోయాక కూడా.

ఈ కాగితాలు భూమ్మీద ఉన్న ఇద్దరికి: ఈ సినిమా తీసిన నవలోక చిత్ర సంస్థకి, గాలి లెక్కల ముఖ్య కార్యాలయానికి. హాలు లాగ్ బుక్కులో రాసుకున్నది రాసుకున్నట్టే పంపుతున్నాను. నాది ఐదో తరగతి. మిగతా చదువంతా మీటర్ల వెనక అతికించి ఉండే సూచనల కాగితాలు చదివి నేర్చుకున్నదే. మర్యాద తగ్గిందనిపిస్తే ఆ కాగితాల్లో మర్యాద లేదని అర్థం.

లాగ్ 1. పదకొండో తేదీ

ఉదయం రెండు ఫిల్టర్లు మార్చాను. గనివాళ్ళ బూట్ల వెంట వచ్చే దుమ్ము సీట్ల కింద నల్లటి పిండిలా పేరుకుంటుంది. అది ఎత్తిపోశాను. వెనక గోడ మీదున్న ఊపిరి మీటరు సరిచూశాను.

గొడవంతా ఆ మీటరుతోనే కాబట్టి దాని సంగతి చెప్పాలి. ఇక్కడ గాలి కొలిచి ఇస్తారు. అందుకని ప్రతి గదికీ ఒక మీటరు. మనుషులు వదిలే ఊపిరిని పసిగట్టి దాని ముల్లు కదులుతుంది. గాలి ఆఫీసు ఆ ముల్లు చూసి గదిలో ఎందరు బతికున్నారో లెక్కేస్తుంది. సినిమా కంపెనీ అదే ముల్లు చూసి జనానికి బొమ్మ నచ్చిందో లేదో తేలుస్తుంది. నవ్వినా ఈల వేసినా ముల్లు లేస్తుంది, నిద్రపోతే వాలుతుంది. ఒక ముల్లుకి ఇద్దరు యజమానులు.

సాయంత్రం ఆరింటికి కొత్త ‘చంద్రమండలంలో చారుమతి’ మొదటి ఆట. రెండువందల పన్నెండు సీట్లూ నిండాయి.

పాత చారుమతిని భూమ్మీద నూట పదేళ్ళ కిందట తీశారు. తీసినవాళ్ళకి చంద్రుడంటే మేడ మీద నుంచి కనిపించేదే. అందుకని అందులో చంద్రుడి మీద గాలి వీస్తుంది. దండెం మీద చీరలు ఆరుతుంటాయి. హీరో భోజనానికి బదులు మూడు రంగుల మాత్రలు మింగి తేనుస్తాడు. చారుమతి హెల్మెట్ నిజానికి పచ్చడి జాడీ అని ఆఖరి వరస దాకా తెలిసిపోతుంది. ఈ ఊరు పెట్టినవాళ్ళ వెంట వచ్చిన ఒకే ఒక్క సినిమా అది. అరవై ఏళ్ళుగా నెలకోసారి ఆడుతోంది, నెలకోసారి హాలు నిండుతోంది.

అందులో జాడీ పగిలే ఘట్టం ఒకటుంది. చారుమతి జడ ఎగురుతుండగా తలుపు దాకా పరిగెత్తుతుంది. నలభై ఎనిమిది సెకన్లు. అంతసేపూ హాలంతా ఆమెతోపాటు ఊపిరి బిగబడుతుంది. ఆమె తలుపు వేసుకోగానే అందరం ఒక్కసారి వదులుతాం. ముందే వదిలినవాళ్ళు వారం రోజులు అందరి బూట్లూ కడగాలి. ఇది ఉత్త ఆట కాదు. ఊరు పెట్టిన మూడో ఏడు సొరంగంలో అమ్మోనియా పైపు పగిలితే, ముప్పై ఒక్క మంది చారుమతితో నేర్చుకున్న ఊపిరితోనే తలుపు దాకా వచ్చి బతికారు. అందులో మా అమ్మమ్మ ఒకతె. అప్పటినుంచీ మొదటి షిఫ్టుకి పంపేముందు ఎవరినైనా చారుమతితో కూర్చోబెట్టాకే పంపుతారు.

గాలి ఆఫీసు నిబంధన కూడా దాన్నిబట్టే ఉంది. ఏ గదిలోనైనా ఇన్ని సెకన్లు ఊపిరి కనబడకపోతే అక్కడివాళ్ళు పోయినట్టు లెక్క, ఆ గదికి గాలి కట్టేసి మిగతావాళ్ళకి మళ్ళిస్తారు. మొదట్లో అది నలభై సెకన్లు. మా పాతవాళ్ళు కొట్లాడి అరవై చేయించారు. చారుమతికి నలభై ఎనిమిది, చేతిలో పన్నెండు.

ఇక కొత్తది. గాలి లేదు. దండెం లేదు. మాత్రలు లేవు. ఇక్కడికి మనుషుల్ని పంపి, కొలతలు తీయించి, ఎంతో పరిశోధన చేశారట. మా సొరంగం లాంటి సొరంగం, మా దుమ్ములాంటి దుమ్ము, మా క్యాంటీన్‌లో ఉన్నట్టే చెంచా చొట్టపోయిన క్యాంటీన్. అరగంట దాకా ముల్లు లేవలేదు. మూడో వరసలో కూర్చున్న కొండప్ప నా వైపు తిరిగింది. అసలు పేరు అప్పలకొండ. మంచు తవ్వే యంత్రం నడుపుతుంది, నాకు అక్క వరస, నిండు నెలలు.

“ఏటే రత్నం, డ్యూటీ దిగొచ్చి మళ్ళీ డ్యూటీయే సూడాలేటి?” అంది.

వెనకనుంచి ఎవరో చీరలు ఎక్కడని అడిగారు. జడ ఎగరకపోతే ఆవిడ చారుమతి ఎలా అవుతుందని ఇంకొకరు. హీరో అన్నం తింటుంటే హాలంతా అబద్ధం అబద్ధం అని అరిచింది. చంద్రుడి మీద అన్నం వండుకుని తింటున్నవాళ్ళం మేమే, అయినా అరిచాం.

గంటా పన్నెండు నిమిషాలకి హెల్మెట్ పగిలింది. చప్పుడు కూడా రాలేదు, శూన్యంలో రాదు కదా. రెండువందల పన్నెండు మందీ గుండెల నిండా పీల్చి బిగబట్టారు. నేనూ బిగబట్టాను. అనుకుని చేసింది కాదు. తుమ్మొస్తే కళ్ళు మూసుకున్నట్టే.

కొత్త చారుమతి పరిగెత్తలేదు. సూట్‌లో అదనపు గాలి ఉందట, తొందరపడితే కాలు జారుతుందట. నడిచింది. నలభై ఎనిమిదో సెకనుకి తలుపు ఇంకా గోరంత కనిపిస్తోంది. ఎవరూ వదల్లేదు. రెండువందల పన్నెండు జతల బూట్లు కడగడానికి ఎవరు ముందుకొస్తారు? యాభై ఐదు. ముందు వరసలో ఒకాయన మెడ వంకాయ రంగుకి తిరిగింది. అరవై దాటితే ఏమవుతుందో ఆ హాల్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పాలంటే నోరు తెరవాలి. తెరిస్తే బూట్లు. తెరవలేదు. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. మిగతావన్నీ మీవి.

అరవయ్యో సెకనుకి నా తల వెనక గాలి రెక్కలు టపటపా మూసుకున్నాయి. డెబ్బై దగ్గర పదకొండు మంది స్పృహ తప్పి పక్కవాళ్ళ మీద పడ్డారు. అప్పుడు హాలంతా ఒకేసారి వదిలింది. నేను గోడనున్న చేతిచక్రం పట్టుకుని రెక్కలు తెరుచుకునే దాకా తిప్పాను. అరచేతులు బొబ్బలెక్కాయి. తెర మీద ఆవిడ ఇంకా నడుస్తూనే ఉంది. మొత్తం నాలుగు నిమిషాల పదకొండు సెకన్లని తర్వాత తెలిసింది. తలుపు చేరిందో లేదో చూసినవాళ్ళు లేరు.

లాగ్ 2. పన్నెండో తేదీ

పొద్దున్న క్యాంటీన్ కిటికీ నాకు తెరుచుకోలేదు. నా నంబరు కొడితే, మరణించినవారికి ఫలహారం ఉండదు, మీ కుటుంబానికి మా సానుభూతి అని చదివింది. నా వెనక క్యూలో నలభై మందికి అదే సానుభూతి. క్యాంటీన్ నడిపే ఎర్నమ్మ పక్క తలుపు తీసి గరిటెతో అందరికీ ఉప్మా పెట్టింది. ఆమెకి డెబ్బై ఒకటి. పాత చారుమతిని చూసిన కళ్ళతో ఇంకోదాన్ని చూడనని సినిమాకి రాలేదు. అందుకే బతికుంది.

గనిలోకి కూడా రానివ్వలేదు. చచ్చినవాళ్ళ చేతికి యంత్రం ఇవ్వకూడదని ఫోర్‌మన్ అన్నాడు. బతికున్న నాలుగువందల ఇరవై ఎనిమిది మందే రెండేసి షిఫ్టులు దిగారు.

నాకు మాత్రం పని ఆగలేదు. మనిషి పోయినా పోస్టు పోలేదట. పైగా ఆర్డర్లు పెరిగాయి. చనిపోయినవాళ్ళ గదుల్లో ఊపిరి కనబడుతోంది కాబట్టి అది లీకు, వెంటనే పూడ్చమని ఆర్డరు. సాయంత్రానికి రెండువందల పన్నెండు లీకులు. నూట యాభయ్యో నంబరు లీకు నేనే.

కొండప్ప మొగుడు తాతబాబు నిన్న షిఫ్టులో ఉన్నాడు, కాబట్టి బతికున్నాడు. అతనికి భార్యావియోగం కింద పదమూడు రోజుల సెలవు వచ్చింది. ఒంటరి గదికి మారమని కాగితం కూడా. దాన్ని పెళ్ళానికి చదివి వినిపించాడు. ఆమె పదమూడు రోజులు ఎక్కడికీ కదలొద్దు, నాకు సేవ చెయ్యి అని చెప్పి కాళ్ళు చాపింది. మేమంతా నవ్వాం. అప్పటికి ఇంకా నవ్వొచ్చింది.

ఇరవై రెండున కాన్పు అని డాక్టరు చెప్పారు. మామూలు గదుల్లో దుమ్ము, అమ్మోనియా వాసన. పసిగుడ్డు ఊపిరితిత్తులు తట్టుకోలేవు. ముప్పై రోజులు కాన్పు గదిలోనే ఉండాలి. అన్ని గదులకీ చేతిచక్రాలున్నాయి, ఆ గదికి లేదు. ఎవరూ పొరపాటున తిప్పకూడదని తీసేశారు. బతికున్న తల్లి నంబరు కొడితేనే దాని రెక్కలు తెరుచుకుంటాయి.

రాత్రి భోజనాల దగ్గర ఈ మాట ఎవరో పైకి అన్నారు. ఆపైన ఎవరూ నవ్వలేదు.

లాగ్ 3. పదమూడో తేదీ

స్థానిక గాలి అధికారి దగ్గరికి వెళ్ళాను. వేమూరి సర్వోత్తమరావు గారు. మనుషుల్ని బతికున్నవాళ్ళ జాబితాలో మళ్ళీ చేర్చాలంటే ఆయన సంతకం చాలు. ఇబ్బంది ఏమిటంటే, మొన్న ముందు వరసలో వంకాయ రంగు మెడ ఆయనదే.

ఆయన ఆఫీసు బయట, కుర్చీ వరండాలో వేసుకుని కూర్చున్నారు. లోపల కూర్చునే అర్హత లేదన్నారు.

“నేను పోయి రెండు రోజులైందమ్మా. ఇప్పుడు సంతకం పెడితే అది ఫోర్జరీ అవుతుంది.”

“మీ చేత్తో మీరు పెడితే ఫోర్జరీ ఎలాగవుతాదండీ?”

“చనిపోయినవాడి సంతకం ఎవరు పెట్టినా ఫోర్జరీయే. నేను పెట్టినా సరే.”

ఆయన పాపం చెడ్డవాడు కాదు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క కాగితం తప్పు పోనివ్వలేదు, చచ్చాక పోనిస్తానా అన్నారు. కావలిస్తే భూమికి దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఫారం ఇచ్చారు. మొదటి గడిలో ‘దరఖాస్తుదారు జీవించి ఉన్నట్టు ధ్రువపత్రం’ జతచేయాలి. ధ్రువపత్రం ఎవరిస్తారని అడిగాను. తనేనన్నారు.

పెట్టాను. రెండువందల పన్నెండు దరఖాస్తులు పంపాను. నలభై నిమిషాల్లో మీ ఆఫీసునుంచి జవాబు: మృతుల పేరుమీద దరఖాస్తులు పంపడం నేరం.

లాగ్ 4. పద్నాలుగో తేదీ

కంపెనీ పోస్టరు వచ్చింది. హాలు ముందు గోడకి అతికించాల్సింది నేనే కాబట్టి అందరికంటే ముందు చదివింది నేనే.

“చలిగొయ్యిలో 212 మంది ప్రేక్షకులు తట్టుకోలేకపోయారు. మీరు తట్టుకోగలరా?”

చంద్రుడి మీద మిగతా ఆరు ఊళ్ళలో హాళ్ళు నిండిపోయాయట. ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిన చోటు గీత గీసి మరీ వేశారు. మొన్నటి దాకా అదే గీత చూసి ‘ప్రేక్షకుల స్పందన: లేదు’ అని రాసినవాళ్ళే. చచ్చామని తెలిసేసరికి స్పందన కింద జమచేశారు.

మధ్యాహ్నం ఇంకోటి. మృతుల వారసులకి ప్రశ్నాపత్రం. మరణించిన ప్రేక్షకుడికి ఏ ఘట్టం బాగా నచ్చింది? ఈ చిత్రాన్ని మిత్రులకి సిఫారసు చేసి ఉండేవారా? తాతబాబు పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నింపాడు. నచ్చిన ఘట్టం అన్నచోట, లైట్లు వెయ్యడం అని రాయించింది. సలహాలు అన్నచోట, గాలి వీయించండి, చీరలు ఆరేయండి, తలుపు దగ్గరికి జరపండి అని మూడు వరసలు. నేను నాది నింపలేదు. నాకు వారసులెవరూ లేరు.

లాగ్ 5. పదిహేనో తేదీ

లీకు అని నమోదైన గదులకి ఇవాళ మీ ఆఫీసు గాలి తగ్గించింది. చచ్చినవాళ్ళంతా చేతిచక్రాల దగ్గర వంతులు వేసుకున్నారు. గదికి ఒకరు, గంటకి ఒకరు. తిప్పడం నేనే నేర్పాను. కండలున్న గనివాళ్ళకి ఇదొక పని కిందే లెక్క కాదు. సాయంత్రానికి ఊరంతా మా చేత్తో ఊపిరి పీలుస్తోంది, మీ రెక్కలతో సంబంధం లేకుండా. కాన్పు గది తప్ప.

ఆ గది మీటరు విప్పి వెనకున్న సూచనలు మొత్తం చదివాను. పదకొండు పేజీలు. తొమ్మిదో పేజీలో ఒక ముక్క: తల్లి నంబరుతో తెరిచిన గదిలో ఒక ఊపిరి రెండైతే, రెండోది జననంగా నమోదు చేయబడును. అంతే. బరువు ఇంతుండాలనీ, వయసు అంతుండాలనీ లేదు.

రెండుసార్లు చదివి సర్వోత్తమరావు గారి దగ్గరికి పరిగెత్తాను.

లాగ్ 6. పదహారో తేదీ

అధికారి గారిని పుట్టించాం.

ఆయన మొదట ఒప్పుకోలేదు. పేజీ చూపించాను. నాలుగుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, నిబంధన ప్రకారం అభ్యంతరం కనబడటం లేదన్నారు. పుట్టగానే బతికున్న అధికారి అవుతారు, బతికున్న అధికారి సంతకం చెల్లుతుంది. అదీ మా లెక్క.

తల్లిగా ఎవరు వెళ్ళాలన్నది వచ్చింది. ఎర్నమ్మ గరిటె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

“నాకు ముగ్గురు పుట్టినారు. నాలుగోవోడికి భయమేటి? నడు బావూ.”

ఆమె నంబరు కొట్టి తలుపు తీసింది. ఆయన గడప బయట ఊపిరి బిగబట్టి, చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళి ఆమె పక్కన చాప మీద కూర్చున్నారు. నేను అద్దంలోంచి సెకన్లు లెక్కపెట్టాను. ఇరవై దగ్గర చెయ్యి ఊపాను. ఆయన హమ్మయ్య అని వదిలారు. మీటరు టింగుమంది.

జననం. మగ. ఎనభై నాలుగు కిలోలు. తల్లీ బిడ్డా క్షేమం. భూమినుంచి అభినందన రెండు నిమిషాల్లో వచ్చింది. రోజుకి అరలీటరు పాలు మంజూరు చేశారు.

వెంటనే నా పేరుతో మొదలుపెట్టి సంతకాలు పెట్టారు. రెండువందల పదకొండు కాగితాలు, చెయ్యి నొప్పి పుట్టే దాకా. పంపాను. అన్నీ తిరిగొచ్చాయి. సంతకం చేసిన వ్యక్తి వయసు ఒక రోజు. మైనరు. పద్దెనిమిదేళ్ళు నిండాక మళ్ళీ ప్రయత్నించగలరు.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఎర్నమ్మ పాలు తెచ్చి ఇస్తే తాగారు.

“పద్దెనిమిదేళ్ళంటే నాకు మళ్ళీ ఉద్యోగానికి వయసు సరిపోతుందమ్మా. మీకే ఆలస్యం,” అన్నారు.

లాగ్ 7. పదిహేడో తేదీ

ఊరంతా నా వెనక పడింది. అందరినీ అలాగే పుట్టించెయ్యమని. పుట్టినవాళ్ళు గనిలో దిగడానికి పద్దెనిమిదేళ్ళు ఆగాలని చెప్పాను. కొండప్పని పుట్టిస్తే ఒక రోజు పిల్ల అవుతుంది. ఒక రోజు పిల్ల తల్లిగా నమోదు కాదు.

ఇంక మిగిలింది ఒకటే దారి. అది చెప్పడానికి వాళ్ళ గదికి వెళ్ళాను. బతికున్న ఆడమనిషి ఎవరైనా కాన్పు గదిలో కూర్చోవాలి. తాతబాబు చెల్లెలు సిద్ధంగా ఉంది. ఆ గదిలో తల్లి, బిడ్డ, రెండే ఊపిర్లు ఉండాలి. మూడోది కనబడితే లీకు, రెక్కలు మూసుకుంటాయి. కాబట్టి కొండప్ప బయట వరండాలో కని, బిడ్డని తలుపులోంచి అందించాలి. ముప్పై రోజులు అద్దంలోంచి చూసుకోవాలి. కాగితం మీద ఎప్పటికీ ఆడపడుచు బిడ్డే.

నేను సూచనల కాగితం చదివినట్టు గడగడా చెప్పేశాను. అలా తప్ప చెప్పలేకపోయాను. తాతబాబు గోడకేసి తిరిగాడు.

కొండప్ప కడుపు మీద చెయ్యి వేసుకుని అంతా విన్నది. “బతికితే సాలు, అలాగే సేద్దుం,” అంది. కాసేపాగి మళ్ళీ అంది. “ఇన్నాళ్ళూ సచ్చిపోనామంటే నవ్వులాటకనుకున్నానే. నా గుంటడు ఏడిస్తే ఎత్తుకోడానికి నేకపోతే, మరి నిజింగానే సచ్చిపోనట్టు కదేటే?”

ఫిల్టరు మార్చి వచ్చేశాను. మార్చాల్సిన రోజు కాదు అది.

ఆ అరవయ్యో సెకనులో నేను నోరు తెరిచి ఉంటే? బూట్లే కదా. రాత్రంతా హాల్లో కూర్చుని పదకొండో తేదీ ఆటకి వచ్చినవాళ్ళ బూట్లన్నీ పోగేసి కడిగాను. ఎవరూ అడగలేదు. పొద్దున్న తీసుకెళ్ళినప్పుడు ఎందుకని కూడా అడగలేదు.

లాగ్ 8. పద్దెనిమిదో తేదీ

కంపెనీ ఆర్డరు. ఒప్పందం ప్రకారం ప్రతి ఊళ్ళో ప్రతి ఒక్కరూ సినిమా ఒక్కసారి చూడాలి. చలిగొయ్యిలో మిగిలిన నాలుగువందల ఇరవై ఎనిమిది మందికీ ఇరవై ఒకటిన మూడు ఆటలు వెయ్యాలి. స్పందన మొదటి ఆట అంత బలంగా ఉంటుందని ఆశిస్తున్నారట.

క్యాంటీన్‌లో చదివి వినిపించాను. ఎలాగైనా ఈసారి ఊపిరి ఆపొద్దని బతిమాలాను. ప్రయత్నిస్తామన్నారు. సరే, ప్రయత్నించి చూపించండని పాత చారుమతి ఆ ఒక్క ఘట్టం గోడమీద వేశాను. జాడీ పగిలింది. ఎవరూ ఊపిరి తీయలేదు. వేసిన నేనే తీయలేదు. ఆవిడ తలుపు వేసుకున్నాక అందరూ ఒకేసారి వదిలి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

అప్పుడు ఎర్నమ్మ అంది: “ఊపిరి ఆపకుండా ఉండలేం కదేటి. మరి ఆపేద్దుం, మానడం దేనికి?”

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరూ కాదనలేదు.

లాగ్ 9. పంతొమ్మిదో తేదీ, ఉదయం ఆరు గంటలు

ఇది లాగ్ కాదు. ఇది మీకే.

రాత్రి ఊరంతా సమావేశం పెట్టుకుని తీర్మానం చేసింది. బతికున్నవాళ్ళూ చచ్చినవాళ్ళూ కలిసి చేతులెత్తారు. చచ్చినవాళ్ళ ఓట్లు చెల్లవని సర్వోత్తమరావు గారు గుర్తుచేశారు. మైనర్లు సభలో మాట్లాడకూడదని ఎర్నమ్మ ఆయన్ని కూర్చోబెట్టింది.

మాకు కావలసింది రెండే.

గాలి లెక్కల ఆఫీసుకి: రెండువందల పదకొండు మందినీ బతికున్నవాళ్ళుగా రాయండి. దరఖాస్తు లేకుండా, ధ్రువపత్రం లేకుండా. మమ్మల్ని చంపడానికి మీరు మా దరఖాస్తు అడగలేదు. సర్వోత్తమరావు గారి వయసు యాభై తొమ్మిది అని సరిదిద్దండి, పాలు ఆపనక్కర్లేదు. అన్నిటికంటే ముందు గంగుల అప్పలకొండ నంబరు తెరవండి. మిగతావాళ్ళం చక్రాలు తిప్పుకుంటూ ఎన్నాళ్ళైనా ఉంటాం. ఆమెకి మూడు రోజులే ఉంది.

సినిమా కంపెనీకి: మీ చారుమతిని నలభై ఎనిమిది సెకన్లలో తలుపు దగ్గరికి చేర్చండి. ఎలా చేరుస్తారో మీ ఇష్టం. పరిగెత్తించండి, తలుపు జరపండి. చంద్రుడి మీద అలా జరగదని మాకు చెప్పకండి. చంద్రుడి మీద ఉంటున్నది మేము. ఆ నలభై ఎనిమిది సెకన్లు మీరు తీసినవి కావు, ముప్పై ఒక్క మంది సొరంగంలో నడిచినవి. వాటి మీద చెయ్యి వేసేముందు ఒక్క ఉత్తరం ముక్క రాసి అడగాల్సింది.

ఇవి జరగకపోతే ఇరవై ఒకటిన మూడు ఆటలకీ జనం వస్తారు. అందరూ వస్తారు. ఎర్నమ్మ కూడా కళ్ళు మూసుకుని కూర్చుంటానంది. గంటా పన్నెండో నిమిషానికి ఊపిరి బిగబట్టి అరవై లెక్కపెడతారు. లెక్కపెట్టేది నేనే, అరవై ఒకటికి చక్రం తిప్పేదీ నేనే. ఎవరికీ ఏమీ కాదు, మీ పుస్తకాల్లో తప్ప. మీ పుస్తకాల్లో ఊరు మొత్తం పోతుంది. చచ్చినవాళ్ళ చేతికి యంత్రం ఇవ్వకూడదన్న నిబంధన మీదే. మంచు తవ్వేవాళ్ళు ఉండరు. ఆ మంచు కరిగించుకుని నడిచే మీ ఓడలు ఎక్కడివక్కడ ఆగుతాయి.

పసిపిల్లలకి హాల్లో ప్రవేశం లేదు, ఇప్పుడు ఊళ్ళో పసిబిడ్డ ఒక్కరే కాబట్టి, ఆ రాత్రికి చలిగొయ్యిలో మీ లెక్క ప్రకారం బతికుండేది ఒక్కరే. వయసు ఐదు రోజులు. ఆర్డర్లన్నీ ఆయన పేర పంపుకోండి. ఆయన నిబంధనలు బాగా తెలిసిన బిడ్డ, ఒక్కదానికీ జవాబు ఇవ్వడు.

జవాబుకి నలభై ఎనిమిది గంటలు ఇస్తున్నాం. ఇరవై ఒకటో తేదీ ఉదయం ఆరు గంటల సైరన్ దాకా. చారుమతి ఇంతకంటే తక్కువ వ్యవధిలో తలుపు చేరింది, అదీ తలమీద పచ్చడి జాడీతో.

బొడ్డు నూకరత్నం
ఫిల్టరు పని, పుడమి టాకీసు, చలిగొయ్యి
(లీకు నంబరు 150)